పార్టీ కన్నా దేశం ముందు: ఆ మాటకు కొలమానం ఏది?

దేశం ముందు, పార్టీ తరువాత అనే మాటను కాదనే నాయకుడు ఎక్కడా కనిపించడు. అధికారపక్షం ప్రతిపక్షాన్ని తప్పుపట్టడానికి ఆ మాట వాడుతుంది, ప్రతిపక్షం ప్రభుత్వాన్ని నిలదీయడానికి అదే వాడుతుంది, నిన్నటి దాకా ఒక పార్టీలో ఉండి ఈ రోజు మరో పార్టీ కండువా కప్పుకున్న వ్యక్తి కూడా తన నిర్ణయానికి అదే కారణం చెబుతాడు. ఇంతమంది ఇన్ని అవసరాలకు వాడుకునే మాటను పరీక్షించకుండా వదిలేస్తే దానికి అర్థం మిగలదు. పార్టీకి ఎదురు నిలిచిన ప్రతివారూ దేశం కోసమే నిలిచినట్టా, కాకపోతే ఆ తేడాను ఎలా పట్టుకోవాలి, అలా నిలవడానికి దారి ఇచ్చే ఏర్పాట్లు ఏవి, దారి మూసే ఏర్పాట్లు ఏవి అన్నవి విడివిడిగా చూడవలసిన ప్రశ్నలు. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఈ విషయాన్ని కేవలం నాయకుడి వ్యక్తిగత గుణంగా చూడటం మనకు అలవాటైంది. ఆ అలవాటులో పడి, అంతరాత్మ చెప్పినట్టు ఓటు వేసిన సభ్యుణ్ణీ అమ్ముడుపోయిన సభ్యుణ్ణీ మన చట్టం ఒకే గాటన కట్టేసిన సంగతిని పట్టించుకోవడం మానేశాం.

ముందుగా పార్టీ అనే వ్యవస్థకు న్యాయం చేయాలి. రాజకీయాల్లోని చెడుకంతటికీ పార్టీలే మూలమన్న అభిప్రాయం చాలా పాతది. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1796లో పదవి నుంచి తప్పుకోబోతూ ప్రజలకు ఇచ్చిన వీడ్కోలు సందేశంలో పార్టీతత్వం గురించి గట్టిగా హెచ్చరించాడు. కానీ ఆయన మంత్రివర్గంలోనే పనిచేసిన హామిల్టన్, జెఫర్సన్‌ల చుట్టూ అప్పటికే రెండు పక్షాలు రూపుకట్టాయి, అదే సంవత్సరం అధ్యక్ష ఎన్నిక ఆ రెండు పక్షాల మధ్యే జరిగింది. అంతకు పాతికేళ్లకు పైగా ముందే, 1770లో, బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ పార్టీకి ఒక నిర్వచనం ఇచ్చాడు: తామంతా అంగీకరించిన ఒక సూత్రాన్ని ఆధారం చేసుకుని, ఉమ్మడి కృషితో దేశ ప్రయోజనాన్ని సాధించడానికి ఏకమైన మనుషుల సమూహమే పార్టీ. ఈ నిర్వచనంలో దేశమూ పార్టీ ఎదురెదురుగా లేవు. దేశానికి ఏది మేలన్న విషయంలో నిజాయితీపరుల మధ్య కూడా భిన్నాభిప్రాయాలు ఉంటాయి కాబట్టే పార్టీలు పుడతాయి. పన్నులు పెంచాలా తగ్గించాలా, సంక్షేమానికి ఎంత, మౌలిక సదుపాయాలకు ఎంత అన్న ప్రశ్నలకు దేశం తనంత తానుగా జవాబు చెప్పదు. ఓటరు ఒక గుర్తు మీద ఓటు వేసినప్పుడు, ఆ గుర్తు వెనుక ఉన్న కార్యక్రమానికి గెలిచినవారు కట్టుబడి ఉంటారన్న నమ్మకం కూడా ఆ ఓటులో ఉంటుంది. పార్టీకి విధేయుడిగా ఉండటం చాలా సందర్భాల్లో ఓటరుకు ఇచ్చిన మాట నిలుపుకోవడమే.

జయప్రకాశ్ నారాయణ్ అనుభవం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ఆయన సుదీర్ఘ కాలం పార్టీరహిత ప్రజాస్వామ్యాన్ని ప్రబోధించారు, స్వయంగా పార్టీ రాజకీయాల నుంచి తప్పుకున్నారు. అయినా అత్యవసర పరిస్థితి తరువాత 1977లో అధికారాన్ని బ్యాలెట్ ద్వారా మార్చవలసి వచ్చినప్పుడు, ఒకదానితో ఒకటి పొసగని పక్షాలను జనతా పార్టీగా ఒక్కతాటి మీదకు తేవడానికి ప్రేరణ ఆయనే అయ్యారు. పార్టీల మీద నమ్మకం లేని మనిషికి కూడా ఆ పని చేయడానికి పార్టీ తప్ప మరో సాధనం దొరకలేదు.

పార్టీలను పూర్తిగా పక్కన పెట్టిన చోట ఏం జరిగిందో పొరుగు దేశం చూపించింది. నేపాల్ రాజు మహేంద్ర 1960 డిసెంబరులో బి.పి. కోయిరాలా నాయకత్వంలోని ఎన్నికైన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, పార్టీలను నిషేధించి, పార్టీలు లేని పంచాయత్ వ్యవస్థను దేశ ఐక్యత పేరుతో నెలకొల్పాడు. అది 1990లో ప్రజా ఉద్యమం వచ్చే దాకా కొనసాగింది. ఉగాండాలో 1986లో అధికారంలోకి వచ్చిన యొవేరి ముసెవెని, పార్టీలు తెగల పేరుతో సమాజాన్ని చీలుస్తాయంటూ వాటి కార్యకలాపాలను 2005 దాకా కట్టడి చేశాడు. రెండు చోట్లా పార్టీల స్థానంలో వచ్చి కూర్చున్నది పార్టీలకు అతీతమైన దేశం కాదు. పోటీదారు లేని ఒక్క పాలకుడు. డాక్టర్ అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో రెండు హెచ్చరికలు ఉన్నాయి, వాటిని కలిపి చదవాలి. పార్టీలు తమ విశ్వాసాలను దేశం కన్నా పైన పెడితే మన స్వాతంత్ర్యం రెండోసారి ప్రమాదంలో పడుతుందన్నది మొదటిది. రాజకీయాల్లో భక్తి, వీరపూజ పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి తీస్తాయన్నది రెండోది. మొదటిదాన్ని మాత్రమే పట్టుకుని పార్టీని తీసేసి ఆ స్థానంలో ఒక మహానాయకుణ్ణి నిలబెట్టేవారు రెండో హెచ్చరికను పెడచెవిన పెట్టినట్టే.

పార్టీని ధిక్కరించిన నాయకులను పరీక్షించడానికి చరిత్రలో అందరూ చెప్పుకునే ఉదాహరణ బ్రిటన్ ప్రధాని రాబర్ట్ పీల్. 1815 నుంచి అమల్లో ఉన్న ధాన్య చట్టాలు విదేశీ ధాన్యం మీద సుంకాలు వేసి భూస్వాముల ఆదాయాన్ని కాపాడేవి, దాని భారం రొట్టె కొనుక్కునే పేదల మీద పడేది. పీల్ నాయకత్వం వహించిన కన్సర్వేటివ్ పార్టీకి వెన్నెముక ఆ భూస్వాములే, 1841లో ఆ పార్టీ గెలిచింది కూడా ఆ రక్షణను కొనసాగిస్తుందన్న నమ్మకం మీదే. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట తెగులుతో నాశనమై కరువు ముంచుకొచ్చింది. సుంకాలు సరైనవేనా అన్న సందేహం అప్పటికే మనసులో ముదిరిన పీల్ వాటిని రద్దు చేయడానికి పూనుకున్నాడు. మంత్రివర్గం వెంట రాకపోవడంతో రాజీనామా చేశాడు. ప్రతిపక్షం ప్రభుత్వం ఏర్పాటు చేయలేకపోయినందున మళ్లీ బాధ్యత తీసుకుని 1846లో బిల్లు ప్రవేశపెట్టాడు. సొంత పార్టీ సభ్యుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది వ్యతిరేకించగా, ప్రతిపక్షం ఓట్లతో అది గట్టెక్కింది. ప్రభువుల సభ ఆ బిల్లును ఆమోదించిన రాత్రే, సొంత పార్టీలోని అసమ్మతివాదులు ప్రతిపక్షంతో చేతులు కలిపి మరో బిల్లు మీద ఆయన ప్రభుత్వాన్ని ఓడించారు. పీల్ పదవి వదిలేశాడు, మళ్లీ ఎన్నడూ చేపట్టలేదు. చీలిన కన్సర్వేటివ్ పార్టీకి సొంతంగా మెజారిటీ తిరిగి రావడానికి 1874 దాకా పట్టింది.

ఈ కథను పొగడ్తతో ముగించడం తేలిక, కానీ ఇందులో ఒక ముడి ఉంది. ఓటర్లకు ఒక మాట ఇచ్చి గెలిచిన ప్రధాని మరో పని చేశాడన్న అభియోగం అబద్ధం కాదు. అయినా పీల్ వైపు మూడు విషయాలు నిలుస్తాయి: ఆయన తన కారణాన్ని సభ ముందు దాపరికం లేకుండా చెప్పాడు, ఆ నిర్ణయం వల్ల ఆయనకు కలిగింది నష్టమే తప్ప లాభం కాదు, ఆ నష్టం వస్తుందని తెలిసే ముందుకు వెళ్లాడు. పార్టీని కాదన్న నాయకుణ్ణి చూసినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న అందుకే సూటిగా ఉంటుంది: దీనికి మూల్యం ఎవరు చెల్లించారు?

అదే దేశంలో 85 సంవత్సరాల తరువాత జరిగిన మరో ఘటన ఈ ప్రశ్న ఒక్కటే చాలదని చూపిస్తుంది. 1931లో ఆర్థిక మాంద్యం మధ్య బంగారు ప్రమాణాన్ని, అంటే కరెన్సీ విలువను బంగారంతో ముడిపెట్టే పద్ధతిని, కాపాడుకోవడానికి నిరుద్యోగ భృతిని తగ్గించాలా వద్దా అన్న వివాదంలో లేబర్ పార్టీ మంత్రివర్గం చీలిపోయింది. ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ ఆగస్టు 24న ఇతర పార్టీలతో కలిసి జాతీయ ప్రభుత్వం ఏర్పాటు చేశాడు, సొంత పార్టీ ఆయనను బహిష్కరించింది. అక్టోబరు ఎన్నికలో లేబర్ 52 స్థానాలకు పడిపోయింది. కన్సర్వేటివ్‌ల ఆధిపత్యంలోని కూటమికి పేరుకు అధినేతగా మెక్‌డొనాల్డ్ 1935 దాకా ప్రధానిగా కొనసాగాడు. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించను, జీవితాంతం నిర్మించిన పార్టీని, స్నేహితులను ఆయన పోగొట్టుకున్నాడు. కానీ ఏ బంగారు ప్రమాణాన్ని నిలబెట్టడం దేశానికి తప్పనిసరి అన్నారో, దాన్ని అదే జాతీయ ప్రభుత్వం సెప్టెంబరు 21న, అంటే నెల తిరగకుండానే, వదిలేసింది. తరువాత బ్రిటన్ ఆర్థిక వ్యవస్థ కూలిపోలేదు, క్రమంగా కోలుకుంది. ఆ వేసవిలో అధికారులు, బ్యాంకర్లు ముక్తకంఠంతో దేశ ప్రయోజనమని చెప్పింది నిజానికి ఒక ఆర్థిక సిద్ధాంతం. దేశ ప్రయోజనం అన్న పేరుతో మన ముందుకు వచ్చేది చాలాసార్లు ఎవరో ఒకరి వాదనే. దాన్ని వాదనగానే తూచి చూడాలి, ఎదురు మాట్లాడినవారిని దేశం కన్నా పార్టీ ఎక్కువైనవారిగా ముద్ర వేయకూడదు.

ఇక ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగానికి వస్తాను. 1940 మే 7, 8 తేదీల్లో బ్రిటన్ దిగువ సభలో నార్వే యుద్ధ వైఫల్యం మీద చర్చ జరిగింది. ప్రధాని నెవిల్ చాంబర్లేన్ పక్షానికి సభలో రెండు వందలకు పైగా ఆధిక్యం ఉండేది. ఓటింగులో ప్రభుత్వం 281–200 తేడాతో గెలిచింది, కానీ ఆధిక్యం 81కి తగ్గింది, ఎందుకంటే ప్రభుత్వ మద్దతుదారుల్లో సుమారు 40 మంది ప్రతిపక్షంతో కలిసి ఓటు వేశారు, మరెందరో ఓటింగుకు దూరంగా ఉన్నారు. ఓడిపోకుండానే చాంబర్లేన్ మే 10న తప్పుకున్నాడు. చర్చిల్ ప్రధానిగా, లేబర్ నాయకుడు అట్లీ సభ్యుడిగా యుద్ధ మంత్రివర్గం ఏర్పడింది. హిట్లర్ సైన్యం పశ్చిమ యూరప్ మీద పడిన రోజు కూడా అదే. ఒక దేశం భవితవ్యాన్ని మార్చిన ఆ నలభై మందిని ఈనాటి మన లోక్‌సభలో కూర్చోబెట్టి చూడండి. విప్‌ను, అంటే ఎటు ఓటు వేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించినందుకు పార్టీ ఫిర్యాదు చేస్తే వారి సభ్యత్వం పోతుంది. వారి మనసులో దేశం ఉందా, పదవి ఉందా అన్నది చట్టం అడగదు.

మనకు ఈ చట్టం ఊరికే రాలేదు. 1967 ఎన్నికల తరువాత రాష్ట్రాల శాసనసభల్లో గోడ దూకుళ్లు వెల్లువెత్తాయి. హర్యానాలో ఒక శాసనసభ్యుడు కొద్ది రోజుల్లోనే పలుమార్లు పార్టీ మార్చడంతో ఆయారాం గయారాం అన్న మాట దేశమంతటా వాడుకలోకి వచ్చింది. దీన్ని పరిశీలించిన వై.బి. చవాన్ కమిటీ, ఆ ఎన్నికల తరువాత ఏడాది కాలంలో ఫిరాయించిన 210 మందిలో 116 మందికి మంత్రి పదవులు దక్కాయని లెక్క తేల్చింది. ఈ సంఖ్యకు వ్యాఖ్యానం అక్కర్లేదు. పీల్ తన నిర్ణయంతో ప్రధాని పదవి పోగొట్టుకుంటే, వీరు తమ నిర్ణయంతో మంత్రులయ్యారు. 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలు వచ్చింది. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటే అనర్హత వేటు పడుతుంది; పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, ఓటింగుకు గైర్హాజరైనా, పార్టీ పదిహేను రోజుల్లోగా క్షమించకపోతే అదే వేటు పడుతుంది. మొదట్లో మూడింట ఒక వంతు మంది విడిపోతే చీలికగా గుర్తించే వెసులుబాటు ఉండేది; 2003లో 91వ సవరణ దాన్ని తొలగించింది, మంత్రుల సంఖ్యను సభ బలంలో 15 శాతానికి పరిమితం చేసింది. మూడింట రెండు వంతుల మందితో విలీనానికి మాత్రం దారి తెరిచే ఉంచారు. ఒంటరిగా, అంతరాత్మ కోసం ఓటు వేసినవాడికి శిక్ష ఉంది, గుంపుగా వెళ్లిపోయినవారికి రక్షణ ఉంది. అంతరాత్మ సాధారణంగా గుంపుగా పనిచేయదు కాబట్టి, ఈ చట్టం ఎవరిని ఆపగలిగిందో ఎవరిని ఆపలేకపోయిందో పాఠకులు ఊహించగలరు.

సుప్రీంకోర్టు 1992లో కిహోటో హొల్లోహన్ కేసులో ఈ చట్టాన్ని 3–2 మెజారిటీతో సమర్థిస్తూనే, ఓటింగు మీద అనర్హత నిబంధనను సంకుచితంగా అన్వయించాలని చెప్పింది: ప్రభుత్వ మనుగడను తేల్చే విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకు, లేదా పార్టీ ఏ ప్రధాన విధానం మీద ఓటర్ల వద్దకు వెళ్లిందో ఆ విధానానికి సంబంధించిన అంశాలకు దాన్ని పరిమితం చేయాలన్నది ఆ మాట సారాంశం. అంతకు రెండేళ్ల ముందే, 1990లో, ఎన్నికల సంస్కరణల మీద ఏర్పాటైన దినేశ్ గోస్వామి కమిటీ ఇదే తోవలో సిఫారసు చేసింది. ఆచరణలో మాత్రం మామూలు బిల్లుల మీద కూడా మూడు గీతల విప్ (అన్నిటికన్నా కఠినమైన ఆదేశం) జారీ చేయడం అన్ని పార్టీలకూ పరిపాటి అయింది. దాని ఫలితం సభలో చర్చ జరిగే తీరులో కనిపిస్తుంది. ఎటు ఓటు వేయాలో పార్టీ కార్యాలయంలో ముందే తేలిపోయినప్పుడు, సభలో ఎదుటివారి వాదన విని మనసు మార్చుకునే అవకాశం ఎవరికీ ఉండదు. రాజ్యాంగం 75వ అధికరణ మంత్రిమండలిని లోక్‌సభకు జవాబుదారీ చేసింది; సభలో మెజారిటీ మంత్రిమండలి ఆదేశానికి కట్టుబడి ఉన్నప్పుడు ఎవరు ఎవరికి జవాబుదారో తారుమారవుతుంది.

ఇతర దేశాలు ఈ చిక్కును మరో విధంగా పరిష్కరించుకున్నాయి. జర్మనీ రాజ్యాంగం 21వ అధికరణలో పార్టీల పాత్రను గుర్తిస్తూనే, 38వ అధికరణలో పార్లమెంటు సభ్యులు మొత్తం ప్రజలకు ప్రతినిధులని, ఎవరి ఆదేశాలకూ బద్ధులు కారని, తమ అంతరాత్మకే లోబడి ఉంటారని రాసుకుంది. పార్లమెంటు, ప్రభుత్వం బాన్‌లోనే ఉండాలా బెర్లిన్‌కు మారాలా అన్న ప్రశ్న మీద 1991 జూన్ 20న జరిగిన ఓటింగులో పార్టీ గీతలు చెరిగిపోయాయి. బెర్లిన్ 338–320తో గెలిచింది. బ్రిటన్‌లో 2019 సెప్టెంబరులో బ్రెగ్జిట్ విషయమై ప్రభుత్వాన్ని ధిక్కరించిన 21 మంది కన్సర్వేటివ్ సభ్యులను పార్టీ తన వరుసల నుంచి తొలగించింది, వారిలో మాజీ ఆర్థిక మంత్రులతో పాటు చర్చిల్ మనవడూ ఉన్నారు. వారు పార్టీని కోల్పోయారు గానీ సభా స్థానాన్ని కోల్పోలేదు. అసమ్మతిని శిక్షించే హక్కు పార్టీకి ఉండాలని నేను ఒప్పుకుంటాను, టికెట్ నిరాకరించవచ్చు, పదవి ఇవ్వకపోవచ్చు, బహిష్కరించవచ్చు. ఓటర్లు ఇచ్చిన సభ్యత్వాన్ని తీసేసే హక్కు దానికి ఉండాలా అన్నది వేరే ప్రశ్న.

అయితే అంతరాత్మ పేరును పదవుల పోరులో వాడుకోవడమూ మనం చూశాం. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి కాగా, ఆత్మప్రబోధం మేరకు ఓటు వేయాలని ప్రధాని ఇందిరాగాంధీ ఇచ్చిన పిలుపుతో స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరి గెలిచారు. ఆ పిలుపు వెనుక పార్టీ మీద ఆధిపత్యం కోసం సాగుతున్న పోరాటం ఉంది. కొన్ని నెలలకే కాంగ్రెస్ చీలింది. అంతరాత్మకు స్వేచ్ఛ ఇమ్మని అడిగిన నాయకత్వమే తరువాతి కాలంలో పార్టీలో అసమ్మతికి చోటు లేకుండా చేసింది. స్వేచ్ఛ ఒక్కసారి ఒక్కరి అవసరానికి దొరికితే సరిపోదు, అది నియమంగా అందరికీ ఉండాలి.

ఆ ఎన్నికలో ఓడిన సంజీవరెడ్డి అంతకు ముందు చేసిన పనిని ఇక్కడ ప్రత్యేకంగా గుర్తు చేయాలి, ఎందుకంటే తెలుగువారిలో కూడా చాలామందికి అది గుర్తులేదు. 1967 మార్చిలో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికైన వెంటనే ఆయన మూడు దశాబ్దాలకు పైబడిన కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. బ్రిటన్‌లో స్పీకర్లు పార్టీని వదిలేయడం స్థిరపడిన సంప్రదాయం, మళ్లీ పోటీ చేసినప్పుడు పెద్ద పార్టీలు సాధారణంగా వారి మీద అభ్యర్థిని నిలపవు. మన దగ్గర అలాంటి రక్షణ ఏదీ లేకుండానే ఆయన ఆ పని చేశారు. పదవ షెడ్యూలు ఐదో పేరా కూడా, స్పీకర్ పదవి చేపట్టినవారు ఆ కారణంగా పార్టీని వదిలితే అనర్హత వర్తించదని ప్రత్యేకంగా చెబుతుంది. చట్టం తలుపు తెరిచి ఉంచినా ఆ ఉదాహరణ సంప్రదాయం కాలేదు. 2008 జులైలో అణు ఒప్పందంపై వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నప్పుడు సీపీఎంకు చెందిన స్పీకర్ సోమనాథ్ ఛటర్జీ, సభాపతి పార్టీలకు అతీతుడంటూ రాజీనామాకు నిరాకరించి 22న విశ్వాస పరీక్షను నిర్వహించారు. మరునాడే పార్టీ ఆయనను బహిష్కరించింది. ఫిరాయింపు ఫిర్యాదుల మీద తీర్పు చెప్పే అధికారం స్పీకర్‌దే కాబట్టి ఈ స్వతంత్రత కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. పార్టీ సభ్యుడిగా కొనసాగే స్పీకర్ తన పార్టీలోకి వచ్చినవారి మీద తీర్పు చెప్పవలసి రావడం, ఆ తీర్పులు ఏళ్ల తరబడి వాయిదా పడటం చూసిన సుప్రీంకోర్టు 2020లో ఒక మణిపూర్ కేసులో, ఈ పనిని శాశ్వత ట్రైబ్యునల్ వంటి స్వతంత్ర వ్యవస్థకు అప్పగించే విషయాన్ని పార్లమెంటు ఆలోచించాలని సూచించింది.

రాష్ట్రపతి విషయంలో కె.ఆర్. నారాయణన్ చూపిన దారి నాకు ఆదర్శంగా కనిపిస్తుంది. 1997 అక్టోబరులో గుజ్రాల్ ప్రభుత్వం ఉత్తరప్రదేశ్‌లో, 1998 సెప్టెంబరులో వాజపేయి ప్రభుత్వం బిహార్‌లో రాష్ట్రపతి పాలన విధించాలని సిఫారసు చేసినప్పుడు, రెండింటినీ ఆయన పునఃపరిశీలనకు వెనక్కి పంపారు. మొదటి సందర్భంలో మేలు పొందినది ఒక పక్షం, రెండో సందర్భంలో దాని ప్రత్యర్థి పక్షం. రాజ్యాంగం ఇచ్చిన అధికారాన్ని దాటలేదు, దాన్ని వాడకుండా ఊరుకోనూ లేదు. ఇలాంటి నిష్పాక్షికత ఒక్క నిర్ణయంలో తేలదు, ఎదురెదురు పక్షాల మీద ఒకే కొలత వేసినప్పుడే తేలుతుంది. 1975 జూన్ 25 రాత్రి మంత్రివర్గం సమావేశం కాకుండానే వచ్చిన అత్యవసర పరిస్థితి ప్రకటన మీద అప్పటి రాష్ట్రపతి సంతకం చేయడాన్ని దీని పక్కన పెట్టి చూస్తే, ఆ పదవిలో స్వతంత్రత ఉండటానికీ లేకపోవడానికీ మధ్య పౌరుడి జీవితంలో ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది.

పార్టీల మధ్య సహకారం కూడా ఇదే విషయంలో భాగం, అయితే దీని గురించి అందరికీ తెలిసినదే ఎక్కువ కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1947 తొలి మంత్రివర్గంలో కాంగ్రెస్‌ను తీవ్రంగా విమర్శించిన అంబేడ్కర్, హిందూ మహాసభ నాయకుడు శ్యామాప్రసాద్ ముఖర్జీ, జస్టిస్ పార్టీ నేపథ్యం ఉన్న షణ్ముఖం చెట్టి ఉన్నారు. విభేదాలు వచ్చినప్పుడు ముఖర్జీ 1950లో, అంబేడ్కర్ 1951లో కారణాలు చెప్పి రాజీనామా చేశారు, ఆ రాజీనామాలు కూడా ఆ ఏర్పాటు గౌరవాన్ని పెంచాయే తప్ప తగ్గించలేదు. 1994లో జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో కశ్మీర్‌పై పాకిస్తాన్ తీర్మానాన్ని ఎదుర్కోవడానికి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రతిపక్ష నాయకుడు వాజపేయిని భారత ప్రతినిధి బృందానికి నాయకుడిగా పంపారు. చివరకు పాకిస్తాన్ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తరువాత కూడా వాజపేయి పార్లమెంటులో పి.వి. ప్రభుత్వాన్ని విమర్శించడం మానలేదు. సహకారం ఏ అంశం వరకో ఇద్దరికీ తెలుసు కాబట్టే అది సాధ్యమైంది. ప్రతిపక్షం తన పని మానుకోవడమే దేశభక్తి అన్న వాదనకు ఆ ఘటన ఏ మాత్రం ఆధారం ఇవ్వదు.

నాయకుడు తప్పు దారిలో ఉన్నప్పుడు ఆ మాట చెప్పవలసిన బాధ్యత అందరికన్నా ముందు సొంత పార్టీ పెద్దలది. 1974 ఆగస్టు 7న అమెరికాలో బారీ గోల్డ్‌వాటర్ సహా ముగ్గురు రిపబ్లికన్ నాయకులు అధ్యక్షుడు నిక్సన్‌ను కలిసి, కాంగ్రెస్‌లో ఆయనకు మద్దతు మిగలలేదని చెప్పారు. మరునాడు ఆయన రాజీనామా ప్రకటించాడు. వారెవరూ పార్టీ మారలేదు. సెనేటర్లుగా, సభ్యులుగా వారి స్థానాలు నిక్సన్ దయ మీద ఆధారపడలేదు, సొంత రాష్ట్రాల ఓటర్లు ప్రాథమిక ఎన్నికల్లో ఎంచుకున్నవారు కాబట్టి ఆ మాట అనగలిగారు. మన దగ్గర పోటీ చేయాలంటే అధిష్ఠానం ఆమోదించిన బీ-ఫారం చేతికి రావాలి. అభ్యర్థిని స్థానిక కార్యకర్తలు ఎన్నుకునే పద్ధతి చాలా పార్టీల్లో లేదు, అంతర్గత ఎన్నికలు చాలావరకు లాంఛనమే. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు 95 లక్షల రూపాయల పరిమితి ఉంది, పార్టీ చేసే ఖర్చుకు మాత్రం పరిమితి లేదు, అందువల్ల డబ్బు బలం కూడా కేంద్ర నాయకత్వం చేతుల్లోనే పోగుపడుతుంది. 1957లో 42 మంది స్వతంత్రులు లోక్‌సభకు గెలిస్తే 2024లో గెలిచినవారు ఏడుగురు. టికెట్, డబ్బు, సభ్యత్వం మూడూ ఒక్క చోటే ఆధారపడి ఉన్న సభ్యుణ్ణి దేశం కోసం నిలబడలేదని నిందించే ముందు, నిలబడితే ఆయనకు మిగిలేది ఏమిటో లెక్క చూడాలి.

అందువల్ల విప్‌ను విశ్వాస పరీక్షలు, ద్రవ్య బిల్లుల వంటి వాటికే పరిమితం చేయాలన్న సిఫారసును నేను గట్టిగా సమర్థిస్తాను. ప్రభుత్వం పడిపోయే భయం లేనిచోట సభ్యుడికి స్వేచ్ఛ ఇస్తే కొనుగోళ్లకు ప్రోత్సాహం తగ్గుతుంది, ఎందుకంటే ఒక మామూలు బిల్లు మీద ఓటును కొని ప్రభుత్వాన్ని మార్చడం సాధ్యం కాదు. దీనికి ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు: పార్టీ పట్టు సడలిన చోట వ్యాపార ప్రయోజనాలు ఒక్కొక్క సభ్యుణ్ణి విడిగా పట్టుకుంటాయి, అప్పుడు ఓటరుకు జవాబు చెప్పేవారే ఉండరు. ఆ ప్రమాదానికి విరుగుడు ఎవరు ఎటు ఓటు వేశారో తెలియడం. మన పార్లమెంటులో చాలా బిల్లులు మూజువాణి ఓటుతో ఆమోదం పొందుతున్నాయి, సభ్యుడెవరైనా డివిజన్ (ఓట్లను లెక్కించే పద్ధతి) కోరి, అది జరిగితే తప్ప పేర్లవారీ లెక్క నమోదు కాదు. విప్ సడలించే సవరణ ఎప్పుడు వచ్చినా, ప్రతి బిల్లు తుది ఓటింగును పేర్లతో నమోదు చేసి ఆ రోజే ప్రచురించాలన్న నిబంధన దానితో పాటే రావాలి. సభ్యులందరి బల్లల మీదా ఓటు మీటలు ఇప్పటికే ఉన్నాయి, కొత్తగా కావలసింది సభా నియమాల్లో ఒక మార్పు మాత్రమే.